ప్రయాణములలో వస్త్రశుభ్రత: దుర్వాసనకు మూలము, నివారణ

శ్రీకాకుళం జిల్లా ఉత్తర భాగము ఒక వైపు సముద్రము, మరియొక వైపు మహేంద్రగిరి పర్వతములు గల సన్నని నేల. ఈ నేల పొడవున చెన్నై–హౌరా రైలుమార్గమును, 16వ నెంబరు జాతీయ రహదారియు సాగుచున్నవి. బాటలు ఊరి ముంగిటనే ఉన్నందున బాట మీద బ్రదుకు కూడ ఇక్కడి ప్రజలకు అలవాటైనది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములతో కూడిన ఉద్దానము నుండి యువకులు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై, భువనేశ్వరము మొదలైన నగరములకు పనులకై పోవుచున్నారు. జిల్లాలోని మత్స్యకారులు గుజరాతు రాష్ట్రములోని వేరావల్ రేవు వరకు పోయి నెలల తరబడి మరపడవలలో పనిచేయుచున్నారు. లారీల వారికి రహదారియే ఇల్లు. మూత్రపిండముల వ్యాధితో బాధపడువారును, వారికి తోడు వచ్చు బంధువులును రక్తశుద్ధి చికిత్స కొఱకు పలాస, టెక్కలి, సోంపేట ఆసుపత్రులకు మాటిమాటికి తిరుగవలసి వచ్చుచున్నది.

వీరందరికిని ఉమ్మడియైన చిక్కు ఒకటి కలదు. బట్టలు ఉతుకుకొనుటకు వీరికి తగిన చోటు దొరకదు. ఉతికినను ఆరవేయుటకు చోటుండదు. తడి బట్ట మూటలోనికి పోవును. మూట నుండి మరల ఒంటిమీదికి వచ్చును. కొలదిదినములకు ఆ బట్టలకు ఎన్ని మార్లు ఉతికినను పోని దుర్వాసన పట్టును.

ఇది చిన్న విషయముగ తోచవచ్చును. అనుభవించువారికి ఇది చిన్నది కాదు. బస్సులో ప్రక్కవారు ముఖము త్రిప్పుకొందురు. పనికి కుదిరిన చోట గది అద్దెకిచ్చువారు వెనుకాడుదురు. చేపలు అమ్ము స్త్రీ, జీడిపిక్కల కార్ఖానాలో పనిచేయు స్త్రీ తమ కష్టార్జితముతో టిక్కెట్టు కొని కూడ తలవంచుకొని నిలువవలసివచ్చును. తడి బట్టల వలన గజ్జలలోను, చంకలలోను తామర ప్రబలి, మందులకు కూలి డబ్బు ఖర్చగును.

కనుక ఈ వ్యాసమున మేము పంచాయతీ సభ్యులకు మనవి చేయదలచిన ముఖ్య విషయము ఒక్కటే. బట్టల దుర్వాసన మనిషి గుణము వలన గాని, కులము వలన గాని, వృత్తి వలన గాని స్థిరపడునది కాదు. మురికి పూర్తిగా వదలక, తడి పూర్తిగా ఆరక పోవుటచే స్థిరపడునది. నీరు, సబ్బు, గాలి, ఎండ అందినచో అది తొలగిపోవును. వీనిని వినియోగించుకొనుట వ్యక్తి పని. అందుబాటులో ఉంచుట పంచాయతీ పని.

వాసనకు మూలమేమి?

చెమట వాసనగలదని మనము అనుకొందుము. అప్పుడే పుట్టిన చెమటకు వాసన దాదాపు లేదు. మన చర్మము మీద కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నివసించును. అవి చెమటలోని పదార్థములను, చర్మపు జిడ్డును ఆహారముగ గ్రహించి, ఘాటైన వాసనగల ఆమ్లములను, ఇతర పదార్థములను విడుచును. చెమటతో పాటు ఈ జీవులు బట్టలోనికి చేరును. బట్టలో జిడ్డు ఆహారము. తడి వానికి ప్రాణము. వెచ్చదనము వానికి బలము. మూటలో కట్టిన తడి బట్టయందు ఈ మూడును సమకూరును.

ఉతికిన బట్టకు కూడ ముక్కవాసన ఏల వచ్చుననునది అనేకుల సందేహము. 2012లో జపాను దేశపు పరిశోధకులు దీనిని శోధించి, ఆ వాసనకు ముఖ్యకారణము మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అను సూక్ష్మజీవి యని తెలిపిరి. ఇది ఉతికిన తరువాత కూడ పోగుల నడుమ మిగిలి, బట్ట నెమ్మదిగ ఆరుచున్నంత సేపు పెరుగును. ఆరుదలను, సూర్యకిరణములను ఇతర జీవులకంటె ఎక్కువగ ఓర్చుకొనును. కనుకనే ఒకసారి పాతుకొనిన ముక్కవాసన బట్ట ఆరినంతనే పోయినట్లు తోచి, చెమట తగిలినంతనే మరల లేచును. దీనిని బట్టి రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది, బట్టను త్వరగా ఆరబెట్టి ఆ జీవికి పెరుగుటకు సమయము ఈయకుండుట. రెండవది, అది ఇదివరకే నాటుకొని యున్నచో మామూలు ఉతుకు చాలదు; వేడి కావలెను.

బట్టలో కూడ భేదము కలదు. 2014లో బెల్జియం దేశములోని గెంట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 26 మంది చేత శ్రమతో కూడిన వ్యాయామము చేయించి, వారు తొడిగిన చొక్కాలను 28 గంటల తరువాత పరీక్షించిరి. పాలిస్టరు చొక్కాలు నూలు చొక్కాల కంటె ఎక్కువ దుర్వాసన కలవిగా కనబడెను. నూలు పోగు తడిని, చెమటను తనలోనికి పీల్చుకొనును. పాలిస్టరు పోగు నీటిని పీల్చదు. జిడ్డును మాత్రము విడువక పట్టుకొనును. అయితే ప్రయాణీకులకు పాలిస్టరు త్వరగా ఆరును గనుక అనుకూలము. కావున ఒంటికి అంటియుండు బనియను, లోదుస్తులు, తువ్వాలు పలుచని నూలువి గాను, పై చొక్కా, లాగు నూలు పాలిస్టరు కలిసినవి గాను ఎంచుకొనుట మంచిది. దళసరి బట్టలు తక్కువగ వాడవలెను.

మన తీరమునకు ప్రత్యేకమైన చిక్కులు

నగరములవారికి చెప్పు ఉపాయములన్నియు ఉద్దానమునకు యథాతథముగ చెల్లవు. ఇక్కడ నాలుగు చిక్కులు ప్రత్యేకమైనవి.

మొదటిది ఉప్పు. సముద్రపు నీటిలో మామూలు సబ్బు నురుగదు. ఆ నీటిలోని లవణములు సబ్బును విరుగగొట్టి తెల్లని మడ్డిగా మార్చును. మడ్డి పోగులలో చిక్కి, మురికిని కూడ తనతో నిలుపును. అంతేకాదు, ఉప్పునీటిలో జాడించిన బట్ట ఎండలో ఆరినట్లు కనబడినను, సాయంకాలమునకు మరల చెమ్మగిలును. నౌపడ ఉప్పుమళ్ళలో పండిన ఉప్పు వానకాలమున కుండలోనే నీరు కారుట ఈ ప్రాంతపు ఇల్లాండ్రకు తెలిసినదే. గాలిలోని తేమను లాగుకొను ఆ గుణమే బట్టలోని ఉప్పుకును కలదు. ఉప్పు నిలిచియున్నంత కాలము ఆ బట్ట పూర్తిగా ఆరదు. ఆరని బట్ట వాసన విడువదు. పడవలలో పనిచేయువారి బట్టల చిక్కంతయు దీనిలోనే యున్నది.

రెండవది నీచు వాసన. చేప చెడుచుండగా ట్రైమిథైల్ అమీన్ అను పదార్థము పుట్టును. అది క్షారగుణము కలది. పులుపు తగిలినచో లవణముగ మారి వాసన విడుచును. చేప వంటలో చింతపండునకును, చేప తిన్న చేతికి నిమ్మచెక్క రాయుటకును గల ప్రయోజనములలో ఇది యొకటి.

మూడవది జీడిపిక్కల నూనె. పలాస, కాశీబుగ్గ ప్రాంతము జీడిపప్పు పరిశ్రమకు పేరెన్నికగన్నది. జీడిపిక్క పై పెంకులోని నూనె చర్మమును బొబ్బలెక్కించునది. అది పొగతో కలిసి పనివారి బట్టలకు పట్టి ఘాటైన వాసనను, నల్లని మరకను కలిగించును. ఇట్టి బట్టలను ఇంటిలోని పసిబిడ్డల బట్టలతో కలిపి ఉతుకరాదు.

నాలుగవది గాలిలోని తేమ. జూను నుండి సెప్టెంబరు వరకు నైరృతి వానలు, అక్టోబరు, నవంబరులలో తుపానులు. ఆ నెలలలో దండెము మీది బట్ట తెల్లవారులు వ్రేలాడినను ఆరదు. వాన లేని దినములలో కూడ ప్రొద్దు వాలిన పిదప తీరమున చెమ్మ దిగును. ఆరిన బట్టను ప్రొద్దుండగానే తీయక పోయినచో పగటి ఎండ ఫలమంతయు పోవును.

ఉతుకు క్రమము

ప్రయాణములలో ఉన్నవారు వారమున కొకసారి పెద్ద ఉతుకు పెట్టుకొనుట కంటె, ప్రతిదినము విడిచిన జతను ఆ దినమే ఉతుకుకొనుట మేలు. ఒక జతకు అర బిందె నీరును, పావుగంట కాలమును చాలును. వారమంతయు మూటలో మ్రగ్గిన బట్టలకు నాలుగింతల సబ్బు, నీరు పట్టినను వాసన వదలదు.

క్రమము ఇట్లుండవలెను. ముందుగ బట్టను వట్టి నీటిలో ఒకసారి ముంచి పిండవలెను. చెమటలోను, సముద్రపు గాలిలోను చేరిన ఉప్పు చాలవరకు ఇప్పుడే పోవును. పిదప సబ్బునీటిలో అరగంట నానవేయవలెను. రాత్రి నానవేసి మరునాటి మధ్యాహ్నము వరకు వదలివేయుట పొరపాటు. నిలువయున్న ఆ నీటిలోనే సూక్ష్మజీవులు వృద్ధి పొందును. చంకలు, మెడపట్టీ, నడుము పట్టీ, గజ్జల వద్ద కుట్లు, ఈ నాలుగు చోట్లను తిరుగవేసి లోపలి వైపున రుద్దవలెను. వాసన పుట్టునది ఇచ్చటనే.

సబ్బు ఎక్కువైన కొలది శుభ్రత ఎక్కువగునని తలంపరాదు. జాడింపులో వదలని సబ్బు కూడ జిగటయై, క్రొత్త మురికిని పట్టి ఉంచును. నురుగ మిగులకుండ రెండు మార్లు జాడింపవలెను. బావినీరు ఉప్పగా నుండి సబ్బు విరుగునట్టి ఊళ్ళలో డిటర్జెంటు పొడి వాడుట మేలు; లేదా బిందె నీటిలో ఒక చెంచాడు చాకలిసోడా కలిపి, కరిగిన తరువాత సబ్బు వాడవలెను. చాకలిసోడా చేతులకు మంట పుట్టించును గనుక వాడిన పిదప చేతులు బాగుగ కడుగుకొనవలెను. పట్టు, ఉన్ని బట్టలకు దీనిని వాడరాదు. కుంకుడుకాయల రసము అన్ని విధముల బట్టలకును మంచిదే.

నీచు పట్టిన బట్టలను ముందు చల్లని నీటిలో జాడించి, సబ్బుతో ఉతికి, కడపటి జాడింపు నీటిలో ఒక నిమ్మకాయ రసము కలిపి పది నిమిషములు ఉంచి, మరల మంచినీటిలో ముంచి పిండవలెను. చింతపండు వాసనను తీయును గాని లేత రంగు బట్టలకు మరక వేయును. నిమ్మ దొరకినచో అదియే శ్రేష్ఠము. జీడినూనె మరకలు గల బట్టలను విడిగా వేడినీటిలోను, చాకలిసోడాలోను నానవేసి ఉతుకవలెను.

పడవలపై ఉండువారికి మంచినీరు బంగారము వంటిది. దానితో బట్టలుతుకుమని చెప్పుట తగదు. అయినను సముద్రపు నీటిలో ఉప్పునీటికి నురుగునట్టి డిటర్జెంటు పొడితో ఉతికి, గట్టిగా పిండి, చివరకు రెండు చెంబుల మంచినీటిలో ముంచి మరల పిండినచో ఉప్పు చాలవరకు పోవును. వాన కురియునప్పుడు పట్టిన నీరు ఇందులకు మిక్కిలి యోగ్యమైనది.

పాతుకొనిన వాసనకు చికిత్స

మన రజకులు ఈ విద్యను తరతరములుగా ఎరుగుదురు. మహేంద్రతనయ, వంశధార, బాహుదా నదుల రేవులలో వారు మైల బట్టలను చౌడు మన్ను కలిపిన నీటిలో ముంచి, చాకిబాన మీద పేర్చి, రాత్రి పొడుగునను ఆవిరి పట్టించి, తెల్లవారి బండ మీద బాది, ఇసుక తిన్నెల మీద ఎండలో పరచెడివారు. చౌటిలోని క్షారము జిడ్డును కరగించును. ఆవిరి సూక్ష్మజీవులను చంపును. బాదుటచే పోగులలోని మురికి ఊడును. ఎండ తడిని తీయును. నేటి శాస్త్రము చెప్పు నాలుగు మెట్లును ఆ రేవులో క్రమము తప్పక నడచినవి.

ప్రయాణీకుడు చాకిబాన పెట్టలేడు. కాని పదిహేను దినముల కొకసారి, వంట చేసికొను చోట ఒక పాత్రలో నీరు మరగించి, తెల్లని నూలు బనియనులు, తువ్వాళ్ళు అందులో పది నిమిషములు ఉంచిన చాలును. పాలిస్టరు బట్టలకు మరగు నీరు తగదు. చేయి పెట్టలేనంత వేడి నీటిలో అరగంట ఉంచవచ్చును. రంగు వదలు బట్టలను వేరుగ ఉంచవలెను. వేడి నీరు దొరకని చోట రెండు చెంచాల వంటసోడా కలిపిన నీటిలో ఒక గంట నానవేసి ఉతికినచో కొంత మేలు కలుగును.

తెల్లని నూలు బట్టలకు బ్లీచింగు పొడి కూడ ఉపయోగపడును. ముందు సబ్బుతో ఉతికిన తరువాత, పది లీటర్ల నీటిలో ఒక చిన్న చెంచాడు పొడి కలిపి, మడ్డి అడుగునకు దిగిన పిదప పై తేటను వేరుచేసి, అందులో పది నిమిషములు ఉంచి, బాగుగ జాడింపవలెను. ఇచ్చట ఒక హెచ్చరిక. బ్లీచింగు నీటిలో నిమ్మరసము గాని, వినెగరు గాని, మరుగుదొడ్లు కడుగు ఆమ్లము గాని ఎన్నడును కలుపరాదు. కలిపినచో క్లోరిను అను విషవాయువు పుట్టి ఊపిరితిత్తులకు హాని చేయును. ఇరుకు గదులలో నివసించు కూలీలకు ఈ సంగతిని ప్రత్యేకముగ తెలుపవలెను.

అత్తరులు, వాసన పొడులు చల్లుట చికిత్స కాదు. అవి దుర్వాసనపై మరియొక వాసనను కప్పును. మూలము అట్లే యుండును.

ఆరవేయుట, మూట కట్టుట

ఉతుకుటలో సగము పని పిండుటలో ఉన్నది. ఉతికిన బట్టను ఆరిన తువ్వాలులో చుట్టి ఇద్దరు రెండు కొనలు పట్టి మెలిపెట్టినచో తడి చాలవరకు తువ్వాలులోనికి దిగును. పిదప బట్టను దులిపి, తిరుగవేసి, రెండు బట్టల నడుమ నాలుగు వ్రేళ్ళ సందు ఉంచి ఆరవేయవలెను. ఒకదానిపై ఒకటి వేసిన బట్టలు పైకి ఆరినట్లుండి, మడతలలో చెమ్మను దాచును. వానదినములలో కిటికీకి ఎదురుగ గాలి పారు చోట, కప్పు క్రింద దండెము కట్టవలెను. పంకా ఉన్నచో దాని క్రింద ఆరవేయవచ్చును. ఎండ లేనప్పుడు గాలియే ముఖ్యము.

లారీలవారు క్యాబిను లోపల బట్టలు ఆరవేయుదురు. అద్దములు మూసినచో తడి లోపలనే తిరుగును. బండి నిలిపిన చోట, వంటపొగకును, డీసిలు పొగకును దూరముగ, చెట్ల నడుమ తాడు కట్టుట మేలు.

మూట కట్టుటలో ఒక నియమము జ్ఞాపకముంచుకొనిన చాలును. ఆరిన బట్టలను ప్లాస్టికు సంచిలో పెట్టవచ్చును. తడి బట్టలను, విడిచిన బట్టలను ఎన్నడును పెట్టరాదు. విడిచిన బట్టలకు వలసంచి గాని, నూలు సంచి గాని వాడవలెను. చెమటపట్టిన చొక్కాను వెంటనే సంచిలో కుక్కక, ఒక గంట గాలికి వ్రేలాడదీసిన పిదప సర్దవలెను. తువ్వాలును ఒకరిది మరియొకరు వాడరాదు. తామర ఒకరి నుండి మరియొకరికి వ్యాపించు మార్గములలో ఇది యొకటి.

తుపాను నేర్పిన పాఠము

ప్రయాణము చేయనివారు కూడ ఒక్క రాత్రిలో ఇల్లు విడిచినవారు కావచ్చునని ఉద్దానమునకు తెలిసినదే. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగముగల గాలులతో పలాస సమీపమున తీరము దాటెను. కొబ్బరి, జీడి తోటలు నేలకూలెను. విద్యుత్ స్తంభములు పడిపోయి, ఊళ్ళు దినముల తరబడి చీకటిలో ఉండెను. మోటార్లు నడువనందున నీటికి కూడ కటకట ఏర్పడెను.

అట్టి సమయమున బట్టల మాట ఎవరికి గుర్తుండునని అడుగవచ్చును. అన్నము, నీరు, ఔషధముల తరువాత వచ్చునది పొడి బట్టయే. తడిసిన బట్టతో రెండు దినములున్న ముసలివారికి చలి పట్టును. బిడ్డలకు చర్మము పాచును. అందుచేత తుపాను హెచ్చరిక వచ్చినప్పుడే ప్రతి కుటుంబము మనిషికి ఒక జత పొడి బట్టలను, ఒక తువ్వాలును ప్లాస్టికు సంచిలో గట్టిగ కట్టి, బియ్యము, కాగితములతో పాటు సిద్ధముగ ఉంచుకొనవలెను. వరదనీటిలో మునిగిన బట్టలను మామూలుగ ఆరవేసి తొడుగరాదు. ఆ నీటిలో మలిన పదార్థములు కలిసియుండును. మొదట బురద జాడించి, సబ్బుతో ఉతికి, వీలైనవానిని మరగించి, ఎండలో ఆరవేయవలెను.

స్త్రీల విషయమున మరియొక మాట చెప్పవలసియున్నది. నెలసరికి వాడు గుడ్డలను సిగ్గుచే మంచము క్రిందను, చాటు మూలలను ఆరవేయుట అనేక చోట్ల కలదు. ఆ గుడ్డలు చెమ్మతోనే మరల వాడుకకు వచ్చును. ఆశ్రయ కేంద్రములలోను, కూలీల బసలలోను ఈ ఇబ్బంది హెచ్చు. అట్టి గుడ్డలకు ఎండ, గాలి ముఖ్యముగ కావలెను. చాటు కలిగి, ఎండ తగులు చోటును చూపుట స్త్రీల కొఱకు పంచాయతీ చేయగల మేలు. ఈ పని మహిళా సభ్యుల పర్యవేక్షణలో జరుగుట యుక్తము.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగపు 73వ సవరణతో చేర్చబడిన 11వ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన అంశములుగ చెప్పబడినవి. బట్టలుతుకు చోటు ఈ మూడింటికిని చెందినది.

మొదటి పని ఉతుకు తిన్నె. బస్సులు నిలుచు చోటునకును, తుపాను ఆశ్రయ కేంద్రమునకును సమీపమున, పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు గల వాలు సిమెంటు తిన్నె, రెండు బండలు, ఒక నీటి తొట్టి ఏర్పరచిన చాలును. కార్ఖానా పనివారు ఇంటికి పోవుటకు ముందు, బాటసారి బస్సు ఎక్కుటకు ముందు అచ్చట ఒక జత ఉతుకుకొనగలరు.

రెండవ పని దండెములు. తిన్నె కట్టి దండెము మరచుట తరుచుగ జరుగును. ఒకటిన్నర అడుగు ఎడముగ నాలుగైదు తీగలు, ఎండ తగులు వైపున కట్టవలెను. ఒక ప్రక్క రేకుల కప్పు ఉండినచో వానలలో కూడ ఉపయోగపడును. తీగ త్రుప్పు పట్టినచో బట్టకు మరక పడును; కనుక నైలాను తాడు గాని, పూత గల తీగ గాని వాడవలెను.

మూడవ పని నీటి రక్షణ. ఉద్దానపు నేల చాలచోట్ల ఇసుక నేల. పోసిన నీరు త్వరగా దిగును. త్రాగు బావి గట్టున ఉతికినచో ఆ సబ్బునీరు మరల బావికే చేరును. తిన్నె త్రాగునీటి బావికి యాభై అడుగులకు తక్కువ కాని దూరమున, పల్లపు వైపున ఉండవలెను. మురుగు నీటికి ఇంకుడు గుంత త్రవ్వవలెను. సబ్బునీటిని కొబ్బరి పాదులకు మార్చి మార్చి మరల్పవచ్చును; బ్లీచింగు కలిసిన నీటిని మరల్పరాదు. 2023 డిసెంబరు 14న ప్రారంభమైన పథకము ద్వారా హిరమండలం జలాశయపు నీరు గొట్టములలో ఉద్దానపు గ్రామములకు తేబడినది. మూత్రపిండముల వ్యాధితో ఎన్నో ఇండ్లు కుమిలిన ఈ ప్రాంతమున ఆ నీరు ముందు గొంతుకు చెందినది. ఉతుకునకు బావినీరు, చెరువు నీరు వాడి, కడపటి జాడింపునకు మాత్రము కొలదిగా మంచినీరు వాడుట ధర్మము.

నాలుగవ పని ఆసుపత్రులకు పోవువారిని గూర్చినది. చికిత్సకు వచ్చిన రోగికి తోడున్న మనిషి వరండాలలో దినములు గడపును. రోగి బట్టలు పొడిగ, శుభ్రముగ ఉండుట రోగికి హితము. మండలములోని పంచాయతీలు కలిసి ఆసుపత్రి అధికారులతో సంప్రదించి, ఆవరణలో ఒక ఉతుకు చోటును, దండెములను ఏర్పరుపుమని కోరవచ్చును.

అయిదవ పని బోధన. వలస పోవు యువకుల పేర్లు, పోవు చోట్లు పంచాయతీ వ్రాసియుంచుకొను చోట, పోవునప్పుడే ఈ నాలుగు మాటలును వారికి చెప్పవచ్చును: దినమున కొక జత ఉతుకుము, తిరుగవేసి రుద్దుము, గాలి పారు చోట ఆరవేయుము, తడి బట్టను మూట కట్టకుము. మూలపేట ఓడరేవు నిర్మాణమునకు 2023 ఏప్రిలులో శంకుస్థాపన జరిగినది. ఇట్టి పెద్ద పనుల వలన పరప్రాంతముల కూలీలు కూడ మన ఊళ్ళ ప్రక్కన బసచేయుదురు. మన బిడ్డలకు పరాయి ఊరిలో ఏ సదుపాయము కోరుదుమో, మన ఊరికి వచ్చినవారికి దానినే మనము చేయవలెను.

తాడు, సబ్బు, సిమెంటు తిన్నె గొప్ప పథకములు కావు. ప్రారంభోత్సవములకు తగినవియు కావు. అయినను చేపల తట్టతో బస్సెక్కిన తల్లి తలయెత్తి కూర్చుండుటకు, పనికి పోయిన బిడ్డ తోటివారి నడుమ సంకోచము లేక మసలుటకు ఇవి తోడ్పడును. మనిషిని వాసనతో కొలుచు ఊరు మంచి ఊరు కాదు. ఆ వాసన పోవుటకు నీరు, నీడ, దండెము చూపిన ఊరు మంచి ఊరు.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో బట్టలు ఎచ్చట ఉతుకుచున్నారు? ఆ చోటునకును త్రాగునీటి బావికిని గల దూరమెంత?

2. ఊరి నుండి వలస పోవువారు ఎందరు? పడవలలో, కార్ఖానాలలో పనిచేయువారు ఎందరు? వారి ఇబ్బందిని వారి నోటనే విన్నామా?

3. తుపాను ఆశ్రయ కేంద్రమున ఉతుకు చోటు, దండెములు, స్త్రీలకు చాటు గల ఆరవేయు చోటు ఉన్నవా?

4. ఊరి రజకుల అనుభవమును ఈ ఏర్పాట్లలో ఎట్లు వినియోగింపవచ్చును? వారి పనికిని, రేవులకును నీటి సదుపాయము సరిగ నున్నదా?

5. రాబోవు వానకాలమునకు ముందు, ఉన్న నిధులతోనే, వీనిలో ఏ ఒక్క పనిని పూర్తిచేయగలము?